మిల్లులో చదివి వినిపించిన వార్త

ముదిగుబ్బలో పదిహేను రోజులకొకసారి 'నిక్కచ్చి' అని నాలుగు పేజీల పత్రిక వస్తుంది. దానికి సంపాదకురాలు, విలేకరి, ప్రూఫులు దిద్దే మనిషి, సంతలో నిలబడి గొంతు చించుకుని అమ్మే మనిషి అన్నీ పుష్పావతే. పేరుకు ఇంకో ఇద్దరున్నారు గానీ, ఒకామె కాన్పుకని పుట్టింటికి పోయింది. ఇంకొకాయన గొర్రెలు తోలుకుని మేత ఉన్న దిక్కుకు పోయాడు, వానలు పడితే గానీ రాడు.

ఆ పత్రికకు ఒక పద్ధతి ఉంది. ఎవరి మీదైనా నింద వేసే వార్త రాస్తే, అచ్చుకు పోయే ముందురోజు ఆ వార్త పుట్టిన చోటికే పోయి, అందులో పేరున్న వాళ్లందరి ఎదుటా పైకి చదవాలి. వినేవాళ్లలో ఎవరైనా సరే చెయ్యెత్తి 'తప్పు' అనొచ్చు. తప్పని తేలితే అక్కడికక్కడే కొట్టేసి దిద్దాలి. నిందపడిన మనిషి జవాబు చెబితే, అదే సైజు అక్షరాల్లో దాన్నీ వెయ్యాలి. చదవడం రాని వాళ్ల గురించి రాసి, అందులో ఏముందో వాళ్లకు తెలియకుండానే అమ్ముకోవడం శుద్ధ దొంగతనమని పుష్పావతి అభిప్రాయం. ఈ పద్ధతి పుణ్యమా అని ఆమె మీద రెండుసార్లు పేడనీళ్లు పడ్డాయి. ఒకసారి ఒక రేషన్ డీలరు కుక్కను ఉసిగొల్పాడు. కోర్టు నోటీసు మాత్రం ఒక్కటీ రాలేదు.

ఈ సంసారమంతా నడుస్తున్నది బెంగళూరులోని 'ఆనవాలు' ఫౌండేషన్ సాయంతో. వాళ్లకు మూడు పనుల మీద మక్కువ. ఎవరికీ తలవంచని పత్రికలు, పేదవాడికి అందే న్యాయం, ఒళ్లు దగ్గరపెట్టుకుని చేసే వ్యాపారం. ఏడాది కిందట ముదిగుబ్బకు వచ్చి మూడింటికీ ఒక్కొక్కరిని ఎంచుకున్నారు. పత్రికంటే పుష్పావతి. న్యాయమంటే లాయరు తిప్పేష్. వారానికి రెండు రోజులు పత్రిక ఆఫీసు వరండాలోనే బల్ల వేసుకుని, భూమి తగాదాలు, కూలి తగాదాలు వింటాడు. వ్యాపారమంటే బదరీనారాయణ గారి వేరుశనగ నూనె మిల్లు. నూనెలో కల్తీ ఉండదు, పనివాళ్లను కసరడం ఉండదు, మనిషి మంచివాడు. గింజలు ఏరే ఆడవాళ్ల కోసం ఫౌండేషన్ వాళ్లు దీపావళి వెళ్లాక ఆ మిల్లులో తెల్లటి టైల్సుతో ఒక బాత్రూము కట్టించారు. రిబ్బను కత్తిరించిన ఫోటోను 'నిక్కచ్చి' మొదటి పేజీలో వేసింది. 'నలభై మంది ఆడవాళ్లకు తీరిన ఇబ్బంది' అని పైన పెద్దక్షరాలు. అది నింద కాదు, మంచి వార్త. మంచి వార్తను ఎవరు తప్పంటారులే అని పుష్పావతి దాన్ని ఎవరికీ చదివి వినిపించలేదు.

మార్చి నెల వచ్చింది. ఫౌండేషన్ వాళ్ల ఏడాది ఆ నెలతో ముగుస్తుంది. గురువారం నాడు అనుపమ అనే అధికారిణి స్వయంగా వచ్చి మూడు చోట్లా చూసిపోతుందని, వచ్చే ఏడాదికి సాయం ఉంటుందో లేదో ఆ తరువాత చెబుతారని ఉత్తరం వచ్చింది. సాయం ఆగితే 'నిక్కచ్చి' ఆగుతుంది. అందులో దాపరికమేమీ లేదు. ఆమె వచ్చే వేళకు మిల్లు గురించి నాలుగు మంచి ముక్కలు రాసి పెడదామని పుష్పావతి సోమవారం పొద్దున మిల్లుకు పోయింది.

గింజలు ఏరే ఆడవాళ్లకు పెద్ద దిక్కు హనుమంతమ్మ. చేట ముందర పెట్టుకుని, చూపు గింజల మీదే ఉంచి మాట్లాడుతుంది.

"ఏమక్కా, బాత్రూము వచ్చినాక ఎట్లుండాది? రెండు మాటలు చెప్పు, రాసుకుంటా."

"అది ఎట్లుంటాదో నాకేం తెలుసు పాపా? తాళమేసుంటారు కదా."

"తాళమా! ఎప్పట్నుంచి?"

"రిబ్బను కత్తిరించిన పొద్దు సాయంత్రం నుంచే. లోపల శానా తెల్లగా ఉండాదంట. మేము మాత్రం ఎప్పట్లాగ పొట్టు కుప్ప ఎనకాలకే పోతాండాం."

"మరి నాకెందుకు చెప్పలేదక్కా?"

హనుమంతమ్మ అప్పుడు తలెత్తి చూసింది. "నువ్వడిగితే కదా చెప్పేది. ఆ డీలరు గురించి రాస్తే ఊరందరినీ కూర్చోబెట్టి చదివితివి. మా గురించి రాసినప్పుడు ఫోటో తీసుకోని పోతివి. ఆ పొద్దు మాకూ చదివింటే, అప్పుడే చెయ్యెత్తింటాను."

పుష్పావతికి చెంపమీద కొట్టినట్టయింది. అటూ ఇటూ చూసింది. మూలన నీళ్ల బాన ఉంది. మూత తీసి చూస్తే అంచుదాకా నిండుగా ఉంది. పదకొండు గంటలవుతోంది, రేకుల కింద ఎండ కుమ్ముతోంది, నలభై మంది ఉన్నారు, ఒక్క గ్లాసు నీళ్లు తగ్గలేదు.

"నీళ్లు తాగరా మీరు?"

"తాగితే పోవాల్సొస్తాది కదా పాపా. సాయంత్రం ఇండ్లకు పోయి తాగుతాం లే," అంది హనుమంతమ్మ. చుట్టూ ఉన్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. వాళ్లకు అది అలవాటైన సంగతి. పుష్పావతికి మాత్రం నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

ఆఫీసుకు వచ్చి తిప్పేష్‌కు చెప్పింది. అతను చట్టం పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని, ఆడవాళ్లు పనిచేసే చోట ఆ వసతి ఉండి తీరాలని, ఉండడమంటే వాడుకోవడానికి వీలుగా ఉండడమే గానీ చూసుకోవడానికి కాదని జడ్జి ముందు నిలబడినట్టు వాదించాడు. "రాయి అక్కా, చట్టం నీ దిక్కుండాది," అన్నాడు. తరువాత పుస్తకం మూసి, గొంతు తగ్గించి, "కాకపోతే ఒక మాట. ఆ బాత్రూము కట్టించిందీ ఫౌండేషనే, నీ పత్రికను నడిపిస్తాండేదీ ఫౌండేషనే, నాకు ఈ కుర్చీ ఇచ్చిందీ ఫౌండేషనే. గురువారం దాటినాక రాస్తే ఏమైతాది?" అన్నాడు.

"శుక్రవారం అచ్చుకు పోవాల కదప్పా."

"గొర్రెల టీకాల గురించి రాయరాదా? అది కూడా మంచి విషయమే."

నిజం చెప్పాలంటే పుష్పావతి గొర్రెల టీకాల గురించే మొదలుపెట్టింది. మంగళవారమంతా దాన్నే రాసింది. గొర్రెకు వచ్చే గాలికుంటు గురించి అంత వివరంగా ఆ జిల్లాలో ఇంకెవరూ రాసి ఉండరు. రాస్తూ రాస్తూ దాహమై చెంబెత్తింది. ఎత్తిన చెంబు అలాగే పట్టుకుని కాసేపు కూర్చుని, టీకాల కాగితం పక్కన పెట్టేసింది. ముందు తన తప్పు రాసింది. దీపావళి తరువాత మేము వేసిన వార్త మేము సరిగా విచారించకుండా వేసింది అని. ఆ తరువాత తాళం సంగతి రాసింది, నీళ్ల బాన సంగతి రాసింది, బదరీనారాయణ పేరు రాసింది. ఫౌండేషన్ కూడా తన పనుల గురించి సంక్రాంతికి అచ్చేసిన చిన్న పుస్తకంలో అదే ఫోటో వేసుకుని అదే మాట రాసుకుందన్న సంగతి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. ఆ వాక్యం రాసి కొట్టేసింది. మళ్లీ రాసి మళ్లీ కొట్టేసింది. చివరికి కొట్టేసినట్టుగానే వదిలేసింది.

అచ్చు శుక్రవారం. చదవాల్సింది ముందురోజు. ఆ ముందురోజే అనుపమ వచ్చే గురువారం. ఎంత లెక్క వేసుకున్నా పుష్పావతికి ఆ రెండూ ఒక రోజే అయ్యాయి.

గురువారం మిల్లులో షామియానా వేశారు. బదరీనారాయణ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమ్మం దాకా ఎదురుపోయి అనుపమను తీసుకొచ్చాడు. ఆమె పుట్టింది హిందూపురంలో. బెంగళూరులో పదేళ్లున్నా మాట చెడిపోలేదు. బదరీనారాయణ తల్లి లలితమ్మ బస్తాల పక్కన కుర్చీ వేసుకుని, గంజి పెట్టిన చీరలో అందరికంటే నిటారుగా కూర్చుంది. మజ్జిగ పంచారు. పుష్పావతి లేచి నిలబడి, "రేపటి వార్త ఒకటి చదవాల," అంది.

"చదువమ్మా, చదువు," అన్నాడు బదరీనారాయణ సంతోషంగా. ఆయన దాన్ని సన్మానపత్రం అనుకున్నాడు.

పుష్పావతి చదివింది. తన తప్పు గురించి చదివినప్పుడు హనుమంతమ్మ చేట పక్కన పెట్టింది. తాళం దగ్గరికొచ్చేసరికి బదరీనారాయణ చేతిలో మజ్జిగ గ్లాసు ఒరిగిపోయింది.

"ఏమ్మా పుష్పావతీ, వచ్చిన మనిషి ముందర ఇదేం పని? తాళమేందమ్మా? నేనెప్పుడేసినా తాళం?"

"నిలుపు!" అని పెద్ద గొంతు వినిపించింది. లలితమ్మ చెయ్యెత్తి ఉంది. "అది తప్పు. తాళంచెవి మావాని దగ్గర యాడుండాది? వాడు ఆ దిక్కుకే పోడు. అది నా కొంగుకు కట్టుండాది. వాని పేరు కొట్టేసి నా పేరు రాయి. లలితమ్మ, డెబ్బై రెండేండ్లు. రాసుకుంటివా?"

"రాసుకున్నా పెద్దమ్మా. తాళం ఎందుకేసినారో అది కూడా చెప్పండి."

"ఎందుకేమి! ఎవరో పుణ్యాత్ములు అంత మంచి రూము కట్టిచ్చిరి. వాళ్లొచ్చి చూసేతలికి మాసిపోయింటే మనకేం మర్యాద? నా పెండ్లికి పెట్టిన పింగాణీ ప్లేట్లు ఇప్పటికీ బీరువాలోనే ఉండాయి, ఎవరైనా పెద్దోళ్లొస్తే తీద్దామని. నేను మాత్రం పోయినానా ఆ రూముకు? అడుగు వాళ్లను! ఈ మోకాళ్లేసుకోని దినానికి మూడు తూర్లు ఇంటికి పోయి వస్తాండా!"

గింజలు ఏరే వాళ్ల వైపు నుంచి మొదలైన నవ్వు షామియానా అంతా పాకింది. ఐదు నెలలుగా అంత మర్యాదగా దాచిపెట్టిన గది మీద అందరూ ఒకేసారి తలతిప్పి చూశారు. అనుపమ కూడా నవ్వింది గానీ, ఆమె నవ్వులో కొంచెం తొందర ఉంది.

"పెద్దమ్మా, నాలుగు గంటలు కార్లో కూర్చోనొస్తిని. ఎవరి కోసం దాచినారో ఆ మనిషి వచ్చింది. తీస్తారా?"

లలితమ్మ మహా ఉత్సాహంగా కొంగు విప్పి తాళంచెవి ఇచ్చింది. తాళం రాలేదు. ఐదు నెలల పొట్టు ధూళి లోపల బిగుసుకుపోయింది. బదరీనారాయణ తిప్పాడు, డ్రైవరు తిప్పాడు, తిప్పేష్ చట్టప్రకారం తిప్పాడు. మిల్లులో నూనెకేం కరువు, గ్లాసుడు తెచ్చి పోశారు. దాంతో తాళంచెవి పట్టు దొరక్కుండా జారడం మొదలుపెట్టింది. అనుపమ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. హనుమంతమ్మ అంతా చూసి లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"రా మేడం. మా దోవకు తలుపు లేదు."

ఇద్దరు ఆడవాళ్లు పాత చీర ఒకటి పట్టుకుని వెంట నడిచారు. పొట్టు కుప్ప వెనక చీర అడ్డం పట్టారు. ఐదు నిమిషాల తరువాత అనుపమ తిరిగి వచ్చింది. చెప్పుల నిండా పొట్టు, చుడీదారుకు పల్లేరు కాయలు. ముఖంలో నవ్వు లేదు.

"దినమూ ఇట్లనేనా?" అని అడిగింది.

"ఇప్పుడు గొర్రెలోళ్లు అడ్డం రాలేదు కదా, నీ అదృష్టం బాగుండాది," అంది హనుమంతమ్మ.

ఈలోగా బదరీనారాయణ ఎవరికీ చెప్పకుండా ఒక పెద్ద రాయి తెచ్చుకున్నాడు. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి నాలుగు దెబ్బలు వేశాడు. తాళం ఊడి పడింది. చెమట తుడుచుకుంటూ పుష్పావతి దగ్గరికి వచ్చి, "నా జవాబు రాసుకో. నాకు తెల్దు. ఎందుకు తెల్దంటే నేను ఎప్పుడూ అడగలేదు. అడగాల్సింది. అంతే, ఇంకేం రాయొద్దు," అన్నాడు.

ఆ మనిషి మీద పుష్పావతికి అప్పుడు కలిగినంత గౌరవం అంతకుముందు ఏ సన్మాన సభలోనూ కలగలేదు. ఆయన మాటలు ఆయన అన్నట్టే రాసుకుంది. ఇంక అయిపోయిందనుకుని కాగితం మడవబోతుంటే, అనుపమ చెయ్యెత్తింది.

"ఒక తప్పుండాది. ఆ ఫోటో మా పుస్తకంలో కూడా వేసినాం. కింద ఆ మాటలు రాసింది నేనే. మా పేరు ఇందులో ఎందుకు లేదు?"

పుష్పావతి కాగితం ముందుకు చాపింది. కొట్టేసిన వాక్యం కాగితం మీద అందరికీ కనబడేట్టే ఉంది. అనుపమ దగ్గరికి వచ్చి దాన్ని చూసింది, పుష్పావతి ముఖం చూసింది. కొట్టేసిన వాక్యం మీద వేలు పెట్టింది.

"ఇది వెయ్యండి," అంది. "వచ్చే ఏటి సంగతి మాత్రం నా చేతిలో లేదు పుష్పావతీ. మా పెద్దల్లో ఒకాయన ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నారు. ఆయనకు ఇది నచ్చుతుందని నేను అబద్ధం చెప్పలేను."

శుక్రవారం అన్ని పేర్లతోనూ పత్రిక అచ్చయింది. శనివారం సంతలో పది గంటలకల్లా చెల్లిపోయింది. బెంగళూరుకు వంద ప్రతులు పోయాయి. ఆ తరువాత నెల రోజులు అక్కడి నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఉగాది వచ్చి పోయింది. తిప్పేష్ రోజూ ఒకసారి పోస్టు వచ్చిందా అని అడుగుతాడు, రాలేదంటే తన బల్లను ఆప్యాయంగా తడుముకుంటాడు. పుష్పావతి ఇంట్లో మాట మాటకూ కసురుకుంది, పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. తప్పు చేశానని ఒక్క పూట కూడా అనుకోలేదు. కానీ పత్రిక పోతే తాను ఏమవుతుందో అనుకోని పూట కూడా లేదు.

ఏప్రిల్ చివర్లో కవరు వచ్చింది. పైన ఒకే ఒక్క పేజీ ఉత్తరం. మూడింటికీ ఇంకో ఏడాది సాయం ఉంటుంది. ఫ్రేము కట్టించుకున్న పెద్దాయన ఫోటోను గోడ మీద నుంచి తీసేసి, ఆ స్థానంలో 'నిక్కచ్చి' మొదటి పేజీ పెట్టుకున్నాడని అనుపమ కింద చేత్తో రాసింది. పుష్పావతి వరండాలోనే గట్టిగా ఒక కేక పెట్టింది. తిప్పేష్ బల్ల మీది కాగితాలన్నీ గాలిలోకి ఎగరేశాడు.

కవరులో ఇంకా ఉంది. ఫౌండేషన్ ఈ ఏడాది ఏమేం చేసిందో చెప్పే పుస్తకం, ఇంకా అచ్చు కాలేదు, తెలుగులో టైపు చేసిన కాగితాలు. 'మీ పద్ధతి ప్రకారం దీన్ని అచ్చుకు ముందు అక్కడ చదివి, తప్పులు దిద్ది పంపండి' అని ఉంది.

మరునాడు మధ్యాహ్నం అన్నాల వేళ పుష్పావతి మిల్లులో బస్తాల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. బాత్రూము తలుపు తెరిచే ఉంది. పక్కనే లలితమ్మ కుర్చీ వేసుకుని, లోపల నీళ్లు సరిగా పోయకుండా వచ్చిన వాళ్లను కసురుతూ కాపలా కాస్తోంది. ఆమె మోకాళ్లకు ఇంటి నడక తప్పింది. నీళ్ల బాన సగానికి వచ్చింది.

ఆడవాళ్లు ఆ పుస్తకాన్ని వలిచి పెట్టారు. నలభై మంది అని ఉంటే, నలభై కాదు, ఇద్దరు మానుకున్నారు, ముప్పై ఎనిమిది అన్నారు. 'మహిళలకు గౌరవం కల్పించాం' అని ఉంటే హనుమంతమ్మ చెయ్యెత్తింది. "గౌరవం మాకు ముందే ఉండాది. రూము లేకుండె, ఇచ్చినారు. అంత మట్టుకే రాయి." న్యాయం దగ్గరికి వచ్చేసరికి, 'అన్ని తగాదాలనూ పరిష్కరించిన న్యాయవాది' అని ఉంటే, నా పొలం గట్టు సంగతి ఇంకా తేలలేదని ఒకామె లేచి నిలబడింది. తిప్పేష్ తానే 'అన్ని' కొట్టేసి 'కొన్ని' అని రాశాడు. అందరికీ నవ్వులే నవ్వులు.

చివరి పేజీలో పత్రిక గురించి ఉంది. పుష్పావతి ఆ వాక్యాన్ని ముందు మనసులో చదువుకుంది, తరువాత పైకి చదివింది. "తమకు సాయం చేసేవారిని సైతం వదలకుండా, ఏమాత్రం భయం లేకుండా నిజాలు రాసే పత్రిక 'నిక్కచ్చి'."

ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ తల ఊపారు. "అది కరెక్టుగా రాసినారు," అన్నాడు బదరీనారాయణ. లలితమ్మ కూడా ఔనంది. ఇంక కాగితం మడిచి కవర్లో పెట్టడమే మిగిలింది. పుష్పావతి కాగితం వైపే చూస్తూ కూర్చుంది. ఆ వాక్యం ఎంత బాగుందో, ఎంత తియ్యగా ఉందో ఆమెకు తెలుస్తూనే ఉంది.

తరువాత నెమ్మదిగా తన చెయ్యి తానే ఎత్తింది.

"ఇది తప్పు," అంది. "నేను భయపడినా. ఒక దినమంతా గొర్రెల టీకాల గురించి రాసినా. ఫౌండేషన్ పేరు రెండు తూర్లు రాసి రెండు తూర్లు కొట్టేసినా. పత్రిక పోతాదేమోనని శానా భయపడినా అక్కా."

బదరీనారాయణ తల వంచుకున్నాడు. హనుమంతమ్మ ఆలోచించింది, ఆమె ఆలోచించేటప్పుడు కూడా వేళ్లు గింజల్లోనే కదులుతాయి.

"దానికేముంది పాపా. భయపడతానే రాసినారని రాయి," అంది.

పుష్పావతి పెన్ను తీసి అలాగే దిద్దింది. దిద్దినదాన్ని మొదటి నుంచి మళ్లీ ఒకసారి పైకి చదివింది. ఈసారి ఎవరూ తప్పనలేదు.